పెంపుడు జంతువులకు కొలాయిడల్ వెండి

కొలాయిడల్ వెండి అంటే నీటిలో కరగకుండా, అడుగుకు దిగకుండా తేలాడే అతి సన్నని వెండి రేణువుల ద్రవం. రేణువులు సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణంలో ఉంటాయి. ఈ పేరుతో అమ్మే సీసాల్లో రేణువులతో పాటు వెండి అయాన్లూ ఉంటాయి, చాలావాటిలో అయాన్ల పాలే ఎక్కువ. కుక్కలకూ పిల్లులకూ దీన్ని తాగించడం, కళ్లలో చెవుల్లో చుక్కలు వేయడం, పుండ్ల మీద చల్లడం ‘సహజ వైద్యం’గా ప్రచారంలో ఉంది. పార్వో, డిస్టెంపర్, చెవిపోటు, గజ్జి, మూత్రనాళాల ఇన్ఫెక్షన్, కంటి పుసి వంటి దాదాపు ప్రతి జబ్బుకూ దీని పేరు చెబుతారు. 1990లలో అమెరికాలోని ప్రత్యామ్నాయ వైద్య విపణిలో ఊపందుకున్న ఈ వాడుక ఆన్‌లైన్ అమ్మకాలతో ఏ ఊరికైనా కొరియర్‌లో చేరగలిగే స్థితికి వచ్చింది.

పాలారు లోయలోని రాయవేలూరు, దానికి పడమరగా కౌండిన్య నది ఒడ్డున ఉన్న గుడియాత్తం ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన చోట్లు. చిత్తూరు, పలమనేరు పక్కనే ఉండడంతో ఇక్కడ తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఒకటిగానే ఉండేది. వేలూరుకు దగ్గర్లోని పొయ్‌గైలో మంగళవారం పశువుల సంత జరుగుతుంది, గుడియాత్తం దారిలోని కె.వి.కుప్పంలో మేకల సంతకు పేరుంది. పశువుల వైద్యం ఇక్కడ ఇంటింటి విషయం. నానో వెండి మీద దేశంలో విస్తారంగా ప్రయోగాలు చేసిన పరిశోధనాలయాల్లో ఒకటి కూడా వేలూరులోనే ఉంది.

వెండి మీద నమ్మకం

వెండి ద్రవాన్ని మన ఇళ్లు అంత తేలిగ్గా నమ్మడానికి కారణం ఉంది. పసిపిల్లలకు ఉగ్గు పట్టేది వెండి గిన్నెతోనే. మిఠాయి మీద వెండి రేకు వేస్తాం. వెండి చలువ చేస్తుందని పెద్దలంటారు. ఆయుర్వేదంలో రజత భస్మం ఉంది, తమిళ సిద్ధ వైద్యంలో వెళ్లి పర్పం ఉంది. ఇవేవీ సీసాలోని వెండి ద్రవం కావు. భస్మం అనేక పుటాల తర్వాత తయారయ్యే, రసాయనికంగా మారిపోయిన పదార్థం. గిన్నె నుంచి పాలలోకి దిగే వెండి లెక్కలోకి రానంత స్వల్పం. హోమియోపతిలోని అర్జెంటం నైట్రికం, అర్జెంటం మెటాలికం ఇంకో దారివి, ఎక్కువ పొటెన్సీల్లో వెండి దాదాపు మిగలదు. అయినా ‘వెండి మంచిదే కదా’ అన్న ఒక్క మాట కింద ఇవన్నీ కలిసిపోతాయి. 

నీటి ఫిల్టర్లతో ఈ నమ్మకం మరింత బలపడింది. 2009 డిసెంబరులో విడుదలైన టాటా స్వచ్ఛ్ ఫిల్టర్‌లో వరి ఊక బూడిదతో పాటు నానో వెండి వాడారు. చెన్నైలోని ఐఐటీలో టి. ప్రదీప్ బృందం నానో వెండితో నీటిలోని పురుగుమందులను తొలగించే పద్ధతిని రూపొందించి, దాన్ని గృహ ఫిల్టర్ల దాకా తెచ్చింది. ఆ ఫిల్టర్లలో వెండి చేసే పని నీటిని శుభ్రపరచడం, అది ఫిల్టరు లోపలి పదార్థానికి అంటిపెట్టుకుని ఉండేలా చూస్తారు. నీళ్లు తాగేవాళ్ల కడుపులోకి వెండిని పంపడం దాని ఉద్దేశం కాదు. 

మందుగా వెండి చరిత్ర

వెండికి సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్న మాట నిజం. ఫ్రాన్స్‌లో రోలాన్ 1869లో ఒక నల్లబూజు వెండి పాత్రలో పెరగదని గమనించాడు. వెండి ఉపరితలం నుంచి కరిగే అత్యల్ప అంశమే నీటిలోని నాచును చంపుతుందని స్విస్ వృక్షశాస్త్రవేత్త నెగేలి చూపాడు. అది 1893లో, ఆయన మరణం తర్వాత వెలువడింది. అంతకు ముందే లైప్‌జిగ్‌లో ప్రసూతి వైద్యుడు కార్ల్ క్రెడే నవజాత శిశువుల కళ్లలో వెండి నైట్రేట్ చుక్క వేసి, తల్లి నుంచి సోకే కంటి జబ్బును బాగా తగ్గించాడు. 1881లో ఆయన ప్రచురించిన ఆ పద్ధతి ఎన్నో దేశాల్లో పసిపిల్లల చూపు కాపాడింది. ఫిలడెల్ఫియాలో కేరీ లీ 1889లో కొలాయిడల్ వెండిని ప్రయోగశాలలో తయారుచేశాడు. 1897లో క్రెడే కొడుకు బెన్నో క్రెడే కొలార్గాల్ అనే కొలాయిడల్ వెండి మందును వాడుకలోకి తెచ్చాడు, అదే ఏడాది బేయర్ కంపెనీ వెండి మందు ప్రొటార్గాల్ వచ్చింది. 1902లో ఆల్బర్ట్ బార్న్స్, హెర్మన్ హిల్లె అర్జిరాల్ అనే మరో వెండి మందును విపణిలోకి దించారు. ఆ కాలపు జర్మన్ పశువైద్యులు గుర్రాల జబ్బులకు కొలాయిడల్ వెండిని నరంలోకి ఎక్కించి చూశారు. ఇంతకన్నా మంచి మందు చేతిలో లేని రోజులవి.

1940లలో పెన్సిలిన్ వచ్చాక ఈ మందులు వెనక్కు తగ్గాయి. చర్మం మీద మాత్రం వెండికి మళ్లీ చోటు దొరికింది. కాలిన గాయాలకు 0.5 శాతం వెండి నైట్రేట్‌ను 1965లో మోయర్ బృందం ప్రవేశపెట్టింది. 1968లో చార్లెస్ ఫాక్స్ సిల్వర్ సల్ఫాడయజిన్‌ను తెచ్చాడు. ఇప్పటికీ మన ఆస్పత్రుల్లో కాలిన గాయాల మీద రాసే తెల్లటి పూత అదే. పశువైద్యులు కూడా కుక్కలకు కాలిన గాయాలకూ, సూడోమోనాస్ బాక్టీరియా పట్టిన మొండి చెవిపోటుకూ దాన్ని వాడతారు. గోరు లోతుగా తెగి రక్తం ఆగనప్పుడు వెండి నైట్రేట్ పుల్ల అద్దుతారు. ఇవన్నీ పైపూత పనులు, మోతాదు తెలిసినవి. వీటికి దక్కిన గౌరవాన్ని తాగించే సీసాకు అంటగట్టడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

లోపలికి వెళితే ఏమవుతుంది

వెండి అయాన్ బాక్టీరియా పొరకూ, దానిలోని ప్రొటీన్ల గంధక భాగాలకూ అతుక్కుని, దాని శ్వాసక్రియను ఆపేస్తుంది. గాజు పళ్లెంలో ఇది చక్కగా కనిపిస్తుంది. కడుపులో పరిస్థితి వేరు. కుక్క కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగలగానే అయాన్లు చాలావరకు వెండి క్లోరైడ్‌గా మారిపోతాయి. మిగిలినవి ఆహారంలోని, రక్తంలోని ప్రొటీన్లను అంటుకుంటాయి. ఇన్ఫెక్షన్ ఉన్నచోటికి సూక్ష్మజీవిని చంపగలిగినంత స్వేచ్ఛగా ఉన్న వెండి చేరడం అరుదు. చేరినా అది సూక్ష్మజీవినీ జంతువు కణాన్నీ వేరు చేసి చూడదు.

బయటికి పోని వెండి చర్మంలో, కాలేయంలో, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. మనుషుల్లో దీన్ని ఆర్జీరియా అంటారు. ఎండ తగిలే చోట చర్మం నీలి బూడిద రంగుకు తిరిగి, మళ్లీ మామూలు రంగుకు రాదు. అమెరికాలోని మోంటానాలో స్టాన్ జోన్స్ అనే రాజకీయ నాయకుడు 2000 సంవత్సరం నాటికి మందులు దొరకవేమోనన్న భయంతో ఇంట్లోనే వెండి ద్రవం చేసుకుని తాగి ఇలా మారిపోయాడు. జంతువులో ఈ మార్పు బొచ్చు కింద దాగిపోతుంది. చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు చూసే అలవాటున్నవారికి తప్ప కనబడదు. కుక్కపిల్ల రంగు మారలేదు కనుక ఏ హానీ లేదనుకోవడానికి వీల్లేదు. 1970లలో పందులపైనా టర్కీ కోళ్లపైనా జరిపిన ప్రయోగాల్లో పెద్ద మోతాదు వెండి శరీరంలోని సెలీనియం, విటమిన్ ఇ, రాగి పనికి అడ్డుపడి కాలేయాన్నీ గుండెనూ దెబ్బతీసినట్లు తేలింది.

మోతాదు లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. తాగునీటిలో వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. విపణిలోని వెండి ద్రవాల మీద తరచూ 10 నుంచి 30 పీపీఎం అని రాసి ఉంటుంది. అంటే లీటరుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు, నీటి పరిమితికి 100 నుంచి 300 రెట్లు. అమెరికా పర్యావరణ సంస్థ మనుషులకు పెట్టిన రోజువారీ పరిమితి కిలో బరువుకు 0.005 మిల్లీగ్రాము. అదే కొలతతో 10 కిలోల కుక్కకు రోజుకు 0.05 మిల్లీగ్రాము. 10 పీపీఎం ద్రవం ఒక్క చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు పోస్తే చాలు, అది నిండిపోతుంది. రెండు కిలోల కుక్కపిల్లకైతే ఒక మిల్లీలీటరు, దాదాపు 20 చుక్కలు. జబ్బు చేసిన పిల్లకు గంటకోసారి డ్రాపర్‌తో పోసేవారు ఎంత దూరం వెళుతున్నారో ఈ లెక్క చెబుతుంది.

ఇంట్లో తయారుచేస్తే ఈ పాటి లెక్క కూడా ఉండదు. రెండు వెండి తీగలు, మూడు 9 వోల్టుల బ్యాటరీలు, ఒక గ్లాసు నీళ్లు చాలంటారు. స్వేదన జలం బదులు పాలారు లోయ బోరునీళ్లు వాడితే అందులోని ఉప్పుతో వెండి క్లోరైడ్ ఏర్పడి నీళ్లు తెల్లగా మసకబారతాయి. కొందరు టీడీఎస్ మీటరు పెట్టి పీపీఎం చూశామనుకుంటారు. ఆ మీటరు కొలిచేది నీటి విద్యుత్ వాహకతను మాత్రమే. వెండి రేణువులు ఎన్ని, ఏ పరిమాణంలో ఉన్నాయో దానికి తెలియదు.

వేలూరు పరిశోధన, వేలూరు తీర్పు

వేలూరులోని వీఐటీ విశ్వవిద్యాలయంలో నానో జీవసాంకేతిక కేంద్రం ఉంది. అక్కడి పరిశోధకులు 2009లో ఉల్లిగడ్డ వేళ్లను 25 నుంచి 100 పీపీఎం వెండి నానో రేణువుల్లో ఉంచి చూశారు. మోతాదు పెరిగేకొద్దీ కణవిభజన తగ్గింది. క్రోమోజోములు అతుక్కుపోవడం, తెగిపోవడం, వాటి మధ్య వంతెనలు ఏర్పడడం కనిపించింది. ఉల్లి వేరు కుక్క పేగు కాదు, నిజమే. కణాల జన్యుపదార్థానికి ఒక పదార్థం హాని చేయగలదా అని తొలిగా పరీక్షించడానికి శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా నమ్ముకున్న కొలబద్దల్లో మాత్రం అదొకటి. సహజం అన్న మాటతో వెండి రేణువుకు హానిరహితమన్న ముద్ర వేయలేమని ఆ చిన్న ప్రయోగం చూపింది.

ఇదే లోయ నుంచి వచ్చిన మరో మాట ఇక్కడ మరీ అవసరం. పాలారును తోలు శుద్ధి కర్మాగారాలు పాడుచేస్తున్నాయని వేలూరు పౌర సంక్షేమ సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పిచ్చింది. ముందుజాగ్రత్త సూత్రం దేశ చట్టంలో భాగమని, తన పని వల్ల హాని లేదని నిరూపించాల్సిన భారం ఆ పని చేసేవారిదేనని చెప్పింది. అది పర్యావరణానికి సంబంధించిన తీర్పు, మందుల గురించి కాదు. అయినా ఆ న్యాయం మూగజీవాలకు ఇంకా ఎక్కువగా వర్తించాలి. తాగించినది వికటిస్తోందని కుక్క చెప్పలేదు. హాని ఉందని కుక్కను పెంచుకునేవారు నిరూపించాలనడం అన్యాయం. మేలు ఉందనీ, హాని లేదనీ చూపాల్సింది సీసా అమ్మేవారు.

ఆధారాలు ఎంతవరకు

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లో తుది నిబంధన జారీ చేసి, కొలాయిడల్ వెండి గానీ వెండి లవణాలు గానీ ఉన్న, వైద్యుడి చీటీ లేకుండా అమ్మే మనుషుల మందులు సురక్షితమని, ఫలిస్తాయని గుర్తించలేమని చెప్పింది. జంతువులకు నోటి ద్వారా ఇచ్చే వెండి ద్రవాన్ని కూడా అది మందుగా ఆమోదించలేదు. 2020 మార్చిలో కోవిడ్‌కు వెండి ద్రవం అమ్ముతున్న వారికి హెచ్చరిక లేఖలు పంపింది.

వెండి పక్షాన చెప్పదగినది అసలే లేదనడం సరికాదు. మెక్సికోలో ఒక బృందం పాలిమర్ తొడుగు వేసిన, పరిమాణం కొలిచిన నానో వెండిని డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకిన కుక్కలకు ఇచ్చి, ఫలితాలను 2022లో ప్రచురించింది. నరాల లక్షణాలు ఇంకా రాని కుక్కలు ఎక్కువగా కోలుకున్నాయని రాసింది. ఇది ఆసక్తి కలిగించే ఫలితం, ఇతర చోట్ల మళ్లీ చేసి చూడదగినది. అయితే అక్కడ వాడినది ప్రయోగశాలలో ప్రమాణీకరించిన పదార్థం. ఇంట్లో బ్యాటరీతో చేసిన నీళ్లకు, పేరు తెలియని సీసాకు ఆ ఫలితాన్ని వర్తింపజేయడానికి దారి లేదు.

వెండికి బాక్టీరియా అలవాటు పడదని ప్రచారం చేస్తారు. కానీ 1975లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి కాలిన గాయాల వార్డులో వెండి నైట్రేట్‌కు లొంగని సాల్మొనెల్లా కనిపించింది, ముగ్గురు రోగులు మరణించారు. వెండిని తట్టుకునే జన్యువులను తర్వాత ఆ బాక్టీరియాలోనే గుర్తించారు.

పోయేది సమయం

వెండి ద్రవం చేసే పెద్ద హాని సీసాలోని లోహం కన్నా అది మింగేసే రోజుల్లో ఉంది. పార్వో దీనికి మొదటి ఉదాహరణ. 1978లో లోకానికి పరిచయమైన ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకా వేయని కుక్కపిల్లకు సోకితే వాంతులు, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే నీరసించి ప్రాణం పోవచ్చు. కాపాడేది సెలైన్, వాంతులు ఆపే మందు, పేగుల్లోంచి రక్తంలోకి దూరే బాక్టీరియాకు యాంటీబయాటిక్. సకాలంలో ఇది అందితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. వాంతులు చేసుకుంటున్న పిల్లకు వెండి నీళ్లు పోస్తూ ఒక రాత్రి గడిపితే, ఆ రాత్రే దాని ఆయుష్షు కావచ్చు. 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాల దాకా విడతలుగా వేసే టీకా ఈ జబ్బును చాలావరకు రానివ్వదు.

వేలూరు ఎండల్లో పిడుదులు, అంటే గోమార్లు, ఏడాది పొడవునా కుక్కలను వదలవు. గోధుమరంగు పిడుదు ఎర్లీకియా అనే బాక్టీరియాను మోసుకొస్తుంది. జ్వరం, నీరసం, ముక్కు నుంచి రక్తం దాని లక్షణాలు. దీనికి ప్రధాన మందు డాక్సీసైక్లిన్, సాధారణంగా 28 రోజులు. వెండి కొన్ని యాంటీబయాటిక్స్ శరీరానికి పట్టకుండా అడ్డుకుంటుంది, డాక్సీసైక్లిన్ చెందిన టెట్రాసైక్లిన్ కుటుంబం వాటిలో ఒకటి. తోడుగా ఉంటుందిలే అని వెండి ద్రవం కలిపి ఇస్తే అసలు మందు బలమే తగ్గవచ్చు.

అన్నిటికన్నా భయపడాల్సింది రేబిస్ గురించి. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పెంపుడు కుక్కను వీధి కుక్క కరిస్తే ఆ గాయం మీద వెండి చల్లి ఊరుకోవడం ఆ ఇంట్లోని పిల్లల ప్రాణాలతో చెలగాటమే. గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కడిగేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. జులై 6న జంతుజన్య వ్యాధుల దినం, సెప్టెంబరు 28న రేబిస్ దినం సందర్భంగా పశుసంవర్ధక శాఖలు ఉచిత టీకా శిబిరాలు పెడతాయి.

ఈ నేలకు టీకా కొత్త కాదు. 2019 దాకా వేలూరు జిల్లాలోనే ఉన్న రాణిపేటలో 1932లో సీరం సంస్థ నెలకొల్పారు. రిండర్‌పెస్ట్ అనే పశువుల ముసర వ్యాధికి అక్కడ సీరం తయారయ్యేది. నేడు అది పశువ్యాధి నివారణ వైద్య సంస్థగా టీకాలు తయారుచేస్తోంది. ఆ ముసర వ్యాధి 2011లో ప్రపంచం నుంచే తొలగిపోయింది. ఏ లోహ ద్రవమూ చేయలేని పని టీకా చేసింది.

సహజ వైద్యం కావాలనుకునేవారికి

సహజమైనది వాడాలన్న కోరికలో తప్పు లేదు. దానికి దగ్గరి దారి పెరట్లోనే ఉంది. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం తంజావూరు కేంద్రంలో ఎన్. పుణ్యమూర్తి దశాబ్దాల పాటు నాటు పశువైద్యాన్ని పరీక్షించి పద్ధతిలో పెట్టారు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఆ యోగాలను పాల సంఘాల ద్వారా ఊళ్లకు చేర్చింది. ఆవు పొదుగువాపుకు 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరి పూయడం అందులో బాగా పేరుపొందింది. పశువుల పుండ్లకు కుప్పింటాకు, వేప, వెల్లుల్లి, పసుపు వేసి కాచిన నూనె చెప్పారు. పురుగు పట్టిన పుండుకు మొదటి రోజు సీతాఫలం ఆకు ముద్ద గానీ కర్పూరం కలిపిన కొబ్బరినూనె గానీ వాడమన్నారు. ఇవి ఆవులకూ గేదెలకూ చెప్పినవి. ఒళ్లంతా నాకే పిల్లికి, కుక్కకు కర్పూరం విషమవుతుంది, వాటికి వాడకూడదు. వాటి చిన్న గాయానికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి కడగడమే మేలైన మొదటి సాయం.

చేపల తొట్టిలో వెండి ద్రవం చుక్క కూడా వేయరాదు. వెండి అయాన్ చేప మొప్పల్లో లవణాల సమతూకాన్ని చెడగొట్టి చంపుతుంది. మిగిలిన ద్రవాన్ని చెరువులో, కాలువలో పారబోయడం కూడా ఇదే కారణంగా తప్పు.

చట్టం, సహాయం

మాయ చికిత్సల ప్రకటనలను కట్టడి చేసే 1954 నాటి కేంద్ర చట్టంలో మందు అన్న నిర్వచనం మనుషులతో పాటు జంతువులకు వాడేవాటికీ వర్తిస్తుంది. 1940 నాటి ఔషధ చట్టం కూడా జంతువుల మందులను తన పరిధిలోకి తీసుకుంది. పెంపుడు జంతువుల ‘ఆహార పూరకం’ పేరు తగిలించి జబ్బులు నయమవుతాయని రాసే సీసాలను చూసేటప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోవాలి. తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారీదారు చిరునామా లేని సీసాను కొనకూడదు.

వేలూరులో పశువైద్య విశ్వవిద్యాలయపు శిక్షణ, పరిశోధన కేంద్రం ఉంది. తమిళనాడులోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పశువుల అంబులెన్సుకు 1962 నంబరు పనిచేస్తుంది. జంతువుకు ఇప్పటికే వెండి ద్రవం ఇచ్చి ఉంటే ఆ సంగతి వైద్యుడి దగ్గర దాచకూడదు. సీసా వెంట తీసుకెళ్లి, రోజుకు ఎంత, ఎన్నాళ్లుగా, తాగించారా పూశారా, దానితో పాటు ఇంకేం మందులు ఇస్తున్నారో చెప్పాలి. ఇవ్వడం వెంటనే ఆపితే చాలాసార్లు వేరే చికిత్స అక్కర్లేదు. నెలల తరబడి ఇచ్చిన జంతువుకు మాత్రం కాలేయ, మూత్రపిండాల రక్తపరీక్షలు చేయించడం మంచిది.